ఇంగ్లీషు ప్రారంభపాఠములకు తెలుగు వ్యాకరణము చేయు సాయము

తెలుగుశాఖ పక్షమున వెలువడు ఈ పత్రికలో ఇంగ్లీషు బోధనమును గూర్చిన వ్యాసమునకు తావెక్కడిదని కొందరు పాఠకులు ప్రశ్నింపవచ్చును. ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెప్పువారు వేరు, తెలుగు చెప్పువారు వేరు. వారు ప్రవేశించు తరగతిగది ఒకటే యైనను వారి శాస్త్రములు వేరని మనలో చాలమంది అభిప్రాయము. మేమును చిరకాలము అట్లే తలంచియుంటిమి. ఆ తలంపు మాకు తొలగిపోయిన సందర్భమును ముందుగా చెప్పి, పిమ్మట విషయమునకు వచ్చెదము.

విశ్వవిద్యాలయమున ఉపన్యాసకులముగా చేరుటకు ముందు మేము ఒక ఉన్నత పాఠశాలలో కొన్నియేండ్లు తెలుగు బోధించితిమి. ఒక సంవత్సరము ఇంగ్లీషు ఉపాధ్యాయుని స్థానము చాలకాలము ఖాళీగా నుండుటచేత ఎనిమిదవ తరగతి ఇంగ్లీషు కూడ మాకే అప్పగింపబడెను. 'మా ఊరు' అను విషయముపై ఐదు వాక్యములు వ్రాసి తెండని చెప్పగా, ఒక బాలుడు "దిస్ మై విలేజ్. మై ఫాదర్ ఫార్మర్. టు మీ టూ సిస్టర్స్" అని మూడు వాక్యములు వ్రాసి తెచ్చెను. మేము మూడింటిని ఎఱ్ఱసిరాతో కొట్టివేసి, పదింట ఒక మార్కు వేసి పుస్తకము తిరిగి యిచ్చితిమి. వాడు కదలలేదు. "ఇందులో తప్పేముందండీ మాస్టారూ?" అని యడిగెను. "ఈజ్ లేదు" అంటిమి. "ఈజ్ అంటే ఏమిటండీ?" "ఉన్నాడు, ఉంది." వాడు క్షణకాలము ఆలోచించి, "మా నాన్న రైతు ఉన్నాడు అని ఎవరూ అనరు గదండీ!" అనెను.

వాడు చెప్పినది అక్షరాల నిజము. తెలుగులో ఎవరును అట్లనరు. బాలవ్యాకరణము పాఠము చెప్పి జీవించుచున్న మాకు ఆ బాలుని మాటకు సమాధానము తోచలేదు. "ఇంగ్లీషులో అంతే" అని కసరి కూర్చుండబెట్టితిమి. ఆ సంవత్సరము వాడు మరల నోరు విప్పి ఒక ప్రశ్నయైనను అడుగలేదు.

ఆ మూడు వాక్యములను ఇప్పుడు తలచుకొన్నప్పుడు మాకు తోచునది యిది: అవి భాష రానివాని వాక్యములు కావు. తెలుగు చక్కగా వచ్చినవాని వాక్యములు. 'ఇది మా ఊరు', 'మా నాన్న రైతు', 'నాకు ఇద్దరు అక్కలు' అను మూడును నిర్దుష్టములైన తెలుగు వాక్యములు. వాడు ఆ కట్టడమును చెదరనీయక మాటలను మాత్రము మార్చెను. మేము దండించినది వాని అజ్ఞానమును కాదు, వానికి గల ఒకే ఒక భాషాజ్ఞానమును. ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు మొదలుపెట్టు తెలుగు బాలుని తప్పులలో పెక్కింటికి కారణము తెలుగు వ్యాకరణమందే కలదనియు, ఆ కారణమును చూపగలిగిననాడు తప్పు సగము తీరుననియు మా యభిప్రాయము. ఆ పని చేయగలవాడు తెలుగు ఉపాధ్యాయుడు. అందుచేతనే ఈ వ్యాసమునకు ఇక్కడ తావు.

'మొదలుపెట్టు' అను మాటకు కొంత వివరణము కావలెను. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రములలోను ఇంగ్లీషు మొదటి తరగతినుండియే పాఠ్యాంశము. తెలంగాణమున 2022–23 విద్యాసంవత్సరమునుండి ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడినది. ఆంధ్రప్రదేశమున 2019లో వెలువడిన మాధ్యమోత్తరువులను 2020 ఏప్రిలులో ఉన్నత న్యాయస్థానము కొట్టివేసిన సంగతి పాఠకులెరిగినదే. మాధ్యమవివాదము ఈ వ్యాసపరిధికి వెలియైనది. మేము చెప్పదలచినది యింతే: ఐదేండ్లు ఇంగ్లీషు పుస్తకమును మోసి ఆరవ తరగతికి వచ్చిన పల్లెటూరి బాలుడు అక్షరములు గుర్తించును, పదులకొలది మాటలకు అర్థము చెప్పును, పాఠము క్రింది ప్రశ్నలకు జవాబులు ఒప్పజెప్పును, కాని తనంతట తానుగా ఒక వాక్యము కట్టవలసివచ్చినప్పుడు వాడు ప్రారంభకుడే. మాధ్యమము ఏదైనను, వాక్యము కట్టు వేళ వాని మనస్సులో పనిచేయు యంత్రము తెలుగు.

ఈ యంత్రమును ఏమి చేయవలెనను విషయమున బోధనపద్ధతులు కాలక్రమమున ఒక కొననుండి మరొక కొనకు ఊగినవి. పూర్వము ఇంగ్లీషు పాఠమనగా ప్రతిపదార్థ తాత్పర్యములు చెప్పుట. గంటసేపు పాఠము జరిగినను ఇంగ్లీషు వాక్యము బాలుని చెవిని పడుట అరుదు. దానికి ప్రతిక్రియగా వచ్చిన ప్రత్యక్షపద్ధతి తరగతినుండి మాతృభాషను వెలివేసినది. ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్టు వంటివారు 1926 నాటికే ద్విభాషాస్థితిని ప్రత్యేక సమస్యగా గుర్తించి గ్రంథము వ్రాసిరి. 1950ల దశకమున మదరాసు రాష్ట్రమున వాక్యనిర్మాణములను సులభమునుండి కఠినమునకు వరుసకట్టి నేర్పు పద్ధతి వ్యాపించినది. 1958లో హైదరాబాదున కేంద్రీయ ఆంగ్లసంస్థ స్థాపితమైనది. 2007లో కేంద్ర విశ్వవిద్యాలయముగా మారినది ఆ సంస్థయే. 1979 మొదలు 1984 వరకు ప్రభు గారు దక్షిణదేశ పాఠశాలలలో నడపిన ప్రయోగమున వ్యాకరణమును నేరుగా చెప్పక, పనులు చేయించుచు భాష నేర్పిరి. వీనిలో ప్రతిదానియందును గుణము కలదు. అయినను ఒక లోపము సామాన్యముగా కనుపించును. బాలుని మాతృభాష ఒక అడ్డుగోడగానో, లేక అర్థము చెప్పుటకు పనికివచ్చు నిచ్చెనగానో భావింపబడినదే గాని, అది స్వయముగా ఒక వ్యాకరణము గల వ్యవస్థయని, ఆ వ్యవస్థ తెలిసినవానికి బాలుని తప్పు ముందుగానే కనబడునని తరగతిగదిలో గుర్తించినవారు తక్కువ. సిద్ధాంతముగా దీనిని రాబర్టు లాడో 1957లో చెప్పెను. కాని అది తెలుగు బాలుని నోటుపుస్తకమువరకు దిగివచ్చినది చాల స్వల్పము.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి మనవి చేయుదుము. తెలుగు ఇంగ్లీషుల భేదమును ఓపికతో పట్టి చూపిన గ్రంథములు మనకు పూర్వమే కలవు. కాని అవి ఎదుటి దిక్కున నిలిచినవారు వ్రాసినవి. బ్రౌను దొర 1840లో ప్రకటించిన తెలుగు వ్యాకరణమును, ఆర్డెన్ 1873లో ప్రకటించిన వ్యాకరణమును తెలుగు నేర్చుకొను ఇంగ్లీషువారికొఱకు పుట్టినవి. వారికి ఎక్కడ కాలు తడబడినదో అక్కడనే మన బాలునకును తడబడును. వారు తూర్పుగా నడచిరి, వీడు పడమరగా నడచుచున్నాడు, దారిలోని గుంట ఒకటే. ఆధునిక వ్యవహారభాషను వర్ణించుచు భద్రిరాజు కృష్ణమూర్తి గారును గ్విన్ గారును కలిసి వ్రాసిన 1985 నాటి వ్యాకరణము ఇంగ్లీషులోనే యున్నది గనుక ఇంగ్లీషు ఉపాధ్యాయునకు మఱింత అందుబాటు.

మొదట ధ్వనుల సంగతి. తెలుగు అజంతభాష. అన్యదేశ్యము హలంతముగా వచ్చినప్పుడు మనము ఉకారము చేర్చి అజంతము చేసికొందుము. హ్రస్వము మీది హల్లు ద్విత్వమగుటయు సాధారణము: బస్సు, పెన్ను, కప్పు, జగ్గు. దీర్ఘము మీద ద్విత్వము లేదు: కోటు, బూటు, గేటు, స్కూలు. 'రోడ్డు' ఒకటి ఈ కట్టుబాటునకు లొంగక తిరుగుచున్నది. చకారాంతములకు ఇకారము వచ్చును: బెంచి, వాచి, చర్చి. ఇంత క్రమముగా జరుగు పనిని 'మొద్దు ఉచ్చారణ' యనుట అన్యాయము. బాలుడు 'ది బస్సు ఈజు' అని చదివినప్పుడు వాడు తన భాష ధ్వనినియమమును తప్పకుండ పాటించుచున్నాడు. ఉకారము తీసివేయుమని ఎన్నిమారులు అరచినను ప్రయోజనము లేదు. తీసివేయవలసినది ఎక్కడ నున్నదో వానికి వినబడదు.

దీనికి ఉత్వసంధి చక్కని మందు. 'వాడు బస్సెక్కాడు', 'పెన్నిచ్చాడు', 'కప్పెక్కడ?' అని ప్రతిదినము పలుకు బాలుడు అచ్చు పరమైనప్పుడు ఉకారమును తానే లోపింపజేయుచున్నాడు. 'బస్సెక్కాడు' అను మాటలో సకారము తరువాత ఉకారమున్నదా యని యడుగుడు. లేదని వాడే చెప్పును. వెంటనే 'బస్ ఈజ్', 'పెన్ ఇన్', 'కప్ ఆన్' అని అచ్చుతో మొదలగు ఇంగ్లీషు మాటలను పరముచేసి పలికింపుడు. అవి వచ్చిన తరువాత హల్లు పరమైనవి, ఆ పైని విరామమునకు ముందున్నవి. విరామమునకు ముందు పలుకుటయు బొత్తిగా క్రొత్త గాదు. వ్యవహారమున 'పుస్తకం', 'వచ్చాం' అని మకారాంతముగా, 'చెయ్', 'వెయ్' అని యకారాంతముగా పలుకుచునే యున్నాము. కనుక 'కమ్', 'హిమ్', 'దెమ్', 'బాయ్' అను మాటలను మొదట నేర్పి, టకార పకారాంతములను తరువాత నేర్పుట యుక్తము.

'ఎగ్'ను 'యెగ్గు' అనియు, 'ఓల్డ్'ను 'వోల్డు' అనియు పలుకుట కూడ ఇట్టిదే; 'యెక్కడ', 'వొకటి' అని పలుకు నోరు అది. 'క్యాట్' మాటలోని అచ్చునకు తెలుగులో అక్షరము లేదు గాని ధ్వని లేకపోలేదు. 'మేక', 'మేడ' అను మాటలలోని ఏకారమును, 'మేకు', 'వేడి' అను మాటలలోని ఏకారమును చాలమంది నోట పోల్చి వినుడు. అకారము పరమైన చోట నోరు ఎక్కువగా తెరచుకొనును. ఆ తెరచిన ఏకారమును కుదించి పలికించినచో 'క్యాట్' దగ్గరకు వచ్చును. అట్లే 'జూ' అను మాట మొదటి హల్లునకు 'గాజు' అను మాటలోని దంత్యజకారము మంచి మెట్టు. నాలుకను పండ్ల మధ్య నుంచి పలుకు ధ్వనులకై మొదటి సంవత్సరము పిల్లలను హింసించుట మాకు సమ్మతము గాదు. మన తకార దకారములతో పని జరిగిపోవును. ఈ దేశమున ఇంగ్లీషు మాటాడి మన్ననలు పొందిన పెద్దలు పెక్కండ్రు అట్లే పలికిరి.

ఇక వాక్యము. ఆ బాలుడు మమ్మడిగిన ప్రశ్నకు మేము ఆనాడు చెప్పవలసియుండిన సమాధానము పిమ్మట చాలకాలమునకు తట్టినది. అది తెలుగు విశేషణ సర్వనామములలో నున్నది. మనకు 'ఆ' వేరు, 'అది' వేరు. 'ఆ పుస్తకం' అన్నచో అది వాక్యము కాదు, ఇంకను ఏదో చెప్పవలసియున్నది. 'అది పుస్తకం' అన్నచో వాక్యము ముగిసినది. ఈ భేదమును మనము మాటతోనే చూపుదుము గనుక క్రియతో పనిలేదు. ఇంగ్లీషులో 'ఆ' అన్నను 'అది' అన్నను 'దట్' ఒక్కటే. 'దట్ బుక్' అన్నచో 'ఆ పుస్తకం' అనియే అర్థమగును. వినువాడు, ఆ పుస్తకమునకేమైనదని ఎదురుచూచుచుండును. 'అది పుస్తకం' అని ముగింపవలెనన్నచో నడుమ 'ఈజ్' అను చీల కొట్టవలెను. కావున 'ఈజ్'కు 'ఉన్నాడు' అని అర్థము చెప్పుట పొరపాటు. ఇట్టి వాక్యములలో దానికి తెలుగున అర్థమే లేదు, పని మాత్రము కలదు. 'ఆ పుస్తకం – దట్ బుక్. అది పుస్తకం – దట్ ఈజ్ ఏ బుక్' అను జంటను నల్లబల్లపై వ్రాసి, తరగతిలోని పది వస్తువులతో పలికించినచో ఎనిమిదవ తరగతి బాలునకు ఈ విషయము ఒక్కపూటలో తెలియును. అదే సమయమున 'కాదు', 'లేదు' అనువాని భేదమును ముట్టవలెను. 'ఆయన డాక్టరు కాదు', 'ఆయన ఇంట్లో లేడు' అని మనము రెండు వేరు మాటలతో చెప్పుదానిని ఇంగ్లీషు 'ఈజ్ నాట్' అను ఒక్కదానితో సరిపుచ్చును. తెలుగు సూక్ష్మముగా నున్న తావున ఇంగ్లీషు మోటుగా నుండుట చూచినప్పుడు పిల్లల ముఖములు వికసించుటను మేము గమనించితిమి. పరాయిభాషయెడల భయము పోవుటకు ఇంతకంటె మేలైన ఉపాయము మాకు తెలియదు.

భూతకాల వ్యతిరేకార్థమును గూర్చి కొంత వివరముగా చెప్పవలసియున్నది. ఏలయనగా ఇంగ్లీషు ఉపాధ్యాయులు అన్నింటికంటె ఎక్కువగా విసుగుచెందు తప్పు 'డిడ్ నాట్ కేమ్' అనునది. పదవ తరగతి దాటినను ఇది వదలదు. 'డిడ్' తరువాత క్రియయొక్క మొదటి రూపము రావలెనని సూత్రము వల్లించుట మామూలు. సూత్రము వచ్చును, తప్పు పోదు. కాని తెలుగు ఏమి చేయుచున్నదో చూడుడు. 'వచ్చాను, వచ్చాడు, వచ్చింది, వచ్చారు' అని పురుష వచనములనుబట్టి మారు క్రియ, వ్యతిరేకార్థమున 'నేను రాలేదు, వాడు రాలేదు, ఆమె రాలేదు, వాళ్ళు రాలేదు' అని ఏకరూపము దాల్చుచున్నది. 'రా' అను తుమర్థకరూపమునకు 'లేదు' చేరినది. కాలమును, వ్యతిరేకార్థమును 'లేదు' మోయుచున్నది, 'రా' వట్టి క్రియార్థమును మోయుచున్నది. 'వచ్చాడు లేదు' అని చంటిబిడ్డయు అనదు. ఇంగ్లీషు 'డిడ్ నాట్ కమ్' సరిగా ఇదే కట్టడము: కాలమును వ్యతిరేకార్థమును 'డిడ్ నాట్' మోయును, 'కమ్' బోడిగా నుండును, పురుషభేదము లేదు. కట్టడము ఒకటే, వరుస మాత్రము తలక్రిందు. 'డిడ్ నాట్ కేమ్' అనుట 'వచ్చాడు లేదు' అనుట వంటిదని చెప్పగా తరగతి యంతయు నవ్వును. ఆ నవ్వు సూత్రముకంటె ఎక్కువకాలము నిలుచును. వర్తమాన వ్యతిరేకమున ఈ సామ్యము లేదనియు గుర్తుంచుకొనవలెను. 'రాను, రావు, రాడు' అని తెలుగు పురుషభేదము పాటించుచుండగా ఇంగ్లీషు 'డూ', 'డజ్' అని రెండు ముక్కలతో నడచును. కనుక పాఠ్యపుస్తకము వర్తమానమును ముందు పెట్టినను, వ్యతిరేకవాక్యములకు సంబంధించినంతవరకు భూతకాలమునే ముందుగా నేర్పుట తెలుగు బాలునకు సుకరమని మా సూచన. ఇది పాఠ్యప్రణాళికలు సిద్ధపరచువారు ఆలోచింపదగిన విషయము.

'టు మీ టూ సిస్టర్స్' అను మూడవ వాక్యము చతుర్థీవిభక్తి ప్రభావము. 'నాకు ఇద్దరు అక్కలు', 'నాకు తెలుసు', 'నాకు కావాలి', 'నాకు ఆకలిగా ఉంది', 'నాకు జ్వరం వచ్చింది' — బాలుని నిత్యజీవితమున మొదట అవసరమగు మాటలన్నియు ఈ కువర్ణకముమీదనే నడచును. ఇంగ్లీషు వీనినన్నింటిని 'ఐ' అని కర్తతో మొదలుపెట్టును. మన భాషలో జ్వరమును ఆకలియు మనయొద్దకు వచ్చును. వారి భాషలో వానిని మనము కలిగియుందుము. ప్రారంభవాచకములు ఈ వాక్యములను చెదరగొట్టి వేర్వేరు పాఠములలో నుంచును. వీనినన్నింటిని ఒకచోటికి చేర్చి, 'నాకు' అని మొదలగు తెలుగు వాక్యమునకు ఇంగ్లీషులో 'ఐ' తగునేమో చూడుమని చెప్పినచో ఒక దెబ్బకు పది వాక్యములు చక్కబడును. 'నాకు ఇవ్వు' వంటి చోట ఇది చెల్లదు. అక్కడ ఇచ్చువాడు వేరు గదా. ఈ మినహాయింపును పిల్లలే కనుగొందురు.

'ఏ', 'ది' అను ఉపపదములు తెలుగువారిని జీవితాంతము వేధించును. ఈ వ్యాసకర్తలు కూడ ఆ బాధనుండి విముక్తులు కారు. మన భాషలో నిశ్చితానిశ్చిత భేదము లేదని చెప్పుట మాత్రము సరిగాదు. జడవాచకములకు ద్వితీయార్థమున ప్రథమ వచ్చుటను వ్యాకర్తలు చెప్పియే యున్నారు. 'పుస్తకం కొన్నాను', 'పుస్తకాన్ని కొన్నాను' అను రెండు వాక్యములలో రెండవదాని యందు పుస్తకము ఏదో తెలిసినదైనట్లు తోచుట లేదా? ఇది ఇంగ్లీషు 'ది'తో పూర్తిగా సమానము కాకున్నను, ప్రారంభకునకు ఆ భావమును స్ఫురింపజేయుటకు చాలును. 'ఒక'ను 'ఏ'కు సమానముగా చెప్పుటవలన మాత్రము కీడు కలుగును. తెలుగున 'ఒక' సంఖ్యాప్రధానము. 'మా నాన్న ఒక రైతు' అని మన పల్లెలలో ఎవరనుదురు? ఆ వాక్యము అనువాదముల వెంట వచ్చిన అతిథి.

మిగిలినవానిని త్వరగా ముగింతుము. 'రోజూ వస్తాను', 'రేపు వస్తాను' అని తద్ధర్మమునకును భవిష్యత్తునకును మనకు రూపమొకటే యగుటచే 'ఐ విల్ కమ్ డైలీ' పుట్టుచున్నది. మనకు వాక్యము చివర దీర్ఘము చేర్చినచో ప్రశ్న యగును గనుక 'యూ కేమ్?' అని స్వరమెత్తి యూరకుందురు. 'నిన్న వచ్చిన అబ్బాయి' అని క్రియాజన్యవిశేషణముతో చెప్పుదానికి ఇంగ్లీషున 'హూ' అను క్రొత్త మాట కావలెనని నమ్మించుట కష్టము. దీనిని ఎనిమిదవ తరగతికి ముందు ముట్టకుండుట మేలు. 'నాన్నగారు వచ్చారు' అను గౌరవబహువచనము 'మై ఫాదర్ ఆర్ కమింగ్' అని బయటపడును; తండ్రిని ఏకవచనమున పిలుచుటకు సంకోచించిన బాలునిపై కోపగించుకొనుట ఎట్లు? ఉపాధ్యాయుని 'యూ' అనుటకు నోరు రాక ప్రతి వాక్యమునకు ముందు వెనుకల 'సార్' చేర్చువాడును ఇట్టివాడే.

ఈ పద్ధతికి గల హద్దులను గూర్చి కూడ చెప్పవలసియున్నది. తప్పులన్నియు మాతృభాషవలననే కలుగవు. 'గోడ్', 'కమ్డ్' అను రూపములను ఇంగ్లీషు తల్లుల బిడ్డలును పలుకుదురు; అవి ఇంగ్లీషు నియమమునే మితిమీరి అన్వయించుటవలన కలిగినవి. అట్టి తప్పులు నేర్చుకొనుచున్నాడనుటకు సాక్ష్యములని 1967లో పిట్ కార్డరు వాదించెను. తప్పు కనబడగానే తెలుగుమీద నెపము మోపు ఉపాధ్యాయుడు, తెలుగును వెలివేయు ఉపాధ్యాయునివలెనే గ్రుడ్డివాడగును. రెండవది, తరగతిలోని పిల్లలందరి మాతృభాషయు తెలుగని భావింపరాదు. సవర, గోండి, లంబాడీ, ఉర్దూ ఇంట మాటాడు పిల్లలకు తెలుగు తానే రెండవ భాష. పైని చెప్పిన పోలికలు వారిని మఱింత కలవరపెట్టవచ్చును. సవరభాషకు నిఘంటువును వ్యాకరణమును కూర్చి, ఆ పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పవలెనని శ్రమించిన గిడుగు రామమూర్తి పంతులుగారి మార్గము ఇక్కడ శరణ్యము. మూడవది, పోల్చవలసిన తెలుగు బాలుని నోటి తెలుగు గాని పుస్తకపు తెలుగు గాదు. ఈ వ్యాసము ఏ భాషలో వ్రాయబడినను, తరగతిలో 'రాలేదు' అని చూపవలసినదే. 'రానయితిని' అని చూపినచో ఇంగ్లీషుతోపాటు తెలుగును జడిపించినవారమగుదుము.

తరగతిలో ఈ పోలికకు వినియోగింపదగిన కాలము చాల తక్కువ. నలుబదియైదు నిమిషముల పాఠమున ఐదారు నిమిషములు చాలును. తక్కిన సమయమంతయు పిల్లలు ఇంగ్లీషు వినుట, పలుకుట, వ్రాయుటలకే చెందవలెను. వ్యాకరణ పరిభాష వాడనక్కరలేదు. 'చతుర్థీవిభక్తి' యను పేరు ఉపాధ్యాయునకు తెలిసియుండవలెను, పిల్లలకు 'నాకు' అను మాట చాలును. వారమునకొకమారు తెలుగు ఉపాధ్యాయుడును ఇంగ్లీషు ఉపాధ్యాయుడును కలిసి పిల్లల వ్రాతపుస్తకములు చూచుట యెక్కడనైనను ఆచరణసాధ్యమే. ఉపాధ్యాయుల విశ్రాంతిగదిలో తేనీరు త్రాగు వేళ చాలును.

పరిశోధకవిద్యార్థులు చేయదగిన పని ఇందు విశేషముగా కలదు. తప్పుల పట్టికలు ఇంగ్లీషుశాఖలవారు కొంత కూర్చియున్నారు. వానిప్రక్కన తెలుగు వాక్యమును, అదియు ఆ ప్రాంతపు వ్యవహారమున నున్నట్లే, చేర్చు పని తెలుగుశాఖలది. తెలంగాణపు బాలుడు 'వస్త' అనుచోట కోస్తా బాలుడు 'వస్తాను' అనును. మొదటివాని రూపమున ఉత్తమపురుష ప్రత్యయము వినబడదు. వీరిలో 'ఐ' అను సర్వనామమును వాక్యమున వదలివేయువారు ఎవరెక్కువయో పరిశీలించి చూడవచ్చును. 'మేము', 'మనము' అను రెండును 'వీ' అను ఒక్క మాటలో కలిసిపోయినప్పుడు పిల్లలు ఆ లోటును ఎట్లు పూరించుకొందురో కూడ చూడదగినది. మాకు తెలిసిన ఒక బాలిక 'వీ ఆల్' అని 'మనము'నకును, వట్టి 'వీ' అని 'మేము'నకును వాడుక చేసికొన్నది. ఆమెకు దానిని ఎవరును నేర్పలేదు.